తుపాకి టీచరమ్మ

మొన్న భూపాలపల్లిల ఒక పెండ్లికి పోయి, వాపసు వచ్చేముందు పక్కనే జరుగుతున్న జాతరల కాసేపు తిరిగిన. ఒకకాడ పలకకు రంగురంగుల గాలి బుగ్గలు కట్టి, ఎయిర్‌గన్‌తోని పేల్చే ఆట నడుస్తున్నది. ఒక పడుచు జంట నిలబడ్డది. మొగడు బుగ్గలు పేలుస్తుంటే, ఆ పిల్ల చంకల బిడ్డనేసుకుని రెప్ప కొట్టకుంట చూస్తున్నది. ఆయన ఆట అయిపోయింది. దుకాణమాయన తుపాకి తీసి ఎనుకున్న ఇంకో మొగాయనకు ఇయ్యబోయిండు.

ఆ పిల్లకు గూడ ఒకపారి ఇయ్యరాదు అని నేను అడిగిన. ఆ పిల్ల సిగ్గుపడి, నాకు రాదమ్మా అన్నది. నేను ఆమె చంకల బిడ్డను అందుకున్న.

"రాకపోతే ఏమాయె. ఒక్కసారి పట్టి సూడు. కొనుమంటలేను గదా."

ఆ మాట నాది కాదు. మా డ్రిల్లు టీచరమ్మది. ఆమె పోయి చాన ఏండ్లయింది. ఆమె మాట, ఆమె గొంతు లెక్కనే నా నోట్లకెల్లి వచ్చేసరికి నాకే గమ్మత్తనిపించింది. ఆ పిల్ల బుగ్గను కొట్టిందో లేదో నాకు యాదికి లేదు. అప్పటికే నా మనసు మానుకోటకు పోయింది.

మానుకోటంటే మహబూబాబాదు. మాది దానికి అవతల, బయ్యారం దిక్కు ఒక తండా. అరవై తొమ్మిది తెలంగాణ లొల్లిల బడులన్నీ బందై, అందరి చదువూ ఆగమాయె. మల్ల బడులు తెరిచిన రెండేండ్లకు మా బాపు నన్ను మానుకోట ఆడపిల్లల బడిల ఆరో తరగతిల చేర్పించి, హాస్టలుల ఉంచిండు. ఇంట్ల మేము మాట్లాడేది లంబాడీ భాష. తెలుగు నాకు సగం సగమే వచ్చేది. మాట్లాడితే నవ్వుతరని నోరు మూసుకుని ఉండేదాన్ని.

ఆ ఏడే ఆమె జనగామ నుంచి బదిలీ మీద మా బడికొచ్చింది. పొడుగు మనిషి. తెల్ల నేత చీర, కాళ్లకు గుడ్డ బూట్లు. కొంగు తెచ్చి నడుముకు బిగిచ్చి దోపేది. చీరె మీద బూట్లేందని ఊరంత నవ్వుకున్నది. ఆమెకు ఆ నవ్వులు ఇనబడ్డట్టే ఉండేది కాదు. బుగ్గల ఎప్పుడు ఒక లవంగం ఉండేది. డ్రిల్లు టీచర్లకు మెడల ఈల ఉంటది గదా, ఆమెకూ ఉండేది గని ఊదంగ నేనెన్నడు ఇనలే. చప్పట్లు కొట్టి పిలిచేది. ఈల కుక్కలకు గూడ ఊదుతరు, మీరు మనుషులు అనేది.

వాళ్ల నాయిన కాటారం అడవిల ఫారెస్టు గార్డు. చిన్నప్పుడు ఆయన ఎంబడి తిరిగి తుపాకి పట్టుడు నేర్చుకున్నదట. కాలేజీల చదివేటప్పుడు పోటీలకు పోయి కప్పులు గెలిచిందట. ఈ సంగతులు ఆమె ఎన్నడూ చెప్పలే. ఆమె తమ్ముడు చెప్పంగ తెలిసింది. ఆమె చెప్పింది ఒక్కటే. వచ్చిన కొన్ని దినాలకు ఒక పొడుగాటి గుడ్డ సంచి తెచ్చి గ్రౌండుల విప్పింది. లోపట ఎయిర్‌గన్. గిది ఆట, కబడ్డీ లెక్కనే, ఎవరికన్న నేర్చుకోవాలనుంటే బడి ఇడిసినంక రండ్రి అన్నది.

ఎవ్వరు పోలే. మా దిక్కు తుపాకంటే ఆట కాదు. ప్రతి ఇంట్ల ఒక తుపాకి కథ ఉండేది, ఏ కథల గూడ తుపాకి మనోళ్ల చేతుల ఉండేది కాదు.

తెల్లారి ఆమె బడి గంట కొట్టే ఆయమ్మను పిలిచింది. ఒక్కసారి పట్టి సూడు, కొనుమంటలేను గదా అన్నది. ఆయమ్మ నవ్వుకుంట పట్టింది. ఆ తర్వాత పాలు పోసే ముసలామె పట్టింది. ఆఖరుకు మా హెడ్‌మిస్ట్రెస్ గూడ పట్టింది. ఆమె కొట్టిన గుండు బడి కప్పు మీద గూనపెంకుకు తగిలి, పెంకు రెండు చెక్కలై కింద పడ్డది. బడంత నవ్వింది, హెడ్‌మిస్ట్రెస్ గూడ నవ్వింది. ఆ దినం సాయంత్రం మేము పది మందిమి పోయి వరుసల నిలబడ్డం.

పోయినంత మాత్రాన తుపాకి చేతికి రాలే. మొదలు ఇటుక. ఎడమ చేతిల ఇటుక పట్టుకుని కదలకుంట నిలబడాలె. తర్వాత ఊపిరి. పీల్చాలె, సగం ఇడువాలె, ఆగాలె. ఆ ఆగినకాడ మీట నొక్కాలె. చాన మంది వారం తిరగకముందే ఇడిసిపెట్టిండ్రు. నేను ఇడువలే. మాట్లాడే పని లేని ఆట అదొక్కటే నాకు దొరికింది.

ఆడపిల్లలకు ఇది రాదన్నోళ్లకు ఆమె ఒక్కటే జవాబు చెప్పేది. నిలబడి కొట్టాలంటే ఎడమ మోచెయ్యి నడుము ఎముక మీద ఆనాలె, నడుము జర పక్కకు వంగాలె. బిందె మోసినోళ్లకు, పిల్లను చంకనేసుకున్నోళ్లకు నేను కొత్తగ నేర్పేదేంది, సగం విద్య వచ్చే ఉన్నది అనేది. ఒంటి కన్ను మూసిన పిల్లను చూస్తే వచ్చి నెత్తి మీద మెల్లగ తట్టేది. రెండు కండ్లూ తెరువు బిడ్డా, సగం లోకాన్ని ఎందుకు మూస్తున్నవు అనేది. శభాష్ అన్న మాట ఆమె నోట్ల ఉండేది కాదు. బాగ కొట్టినా, గుండు గోడల పోయినా, ఊపిరి బాగున్నది అనో, ఊపిరి బాగలేదు అనో చెప్పేది. దెబ్బ సంగతి తర్వాత, ఊపిరి సంగతి మొదలు.

ఊరోళ్లు దాన్ని పిట్టల తుపాకి అనేటోళ్లు. ఆ పేరంటే ఆమెకు కోపం. అట్ట మీద కాయితం అంటించి, గిన్నెలు బోర్లించి గుండ్రాలు గీసి, నడుమ నల్లచుక్క పెట్టేది. మనం కొట్టేది గిదొక్కటే, పిట్టను గాదు, పిల్లిని గాదు అనేది.

నేను ఎనిమిదో తరగతిల ఉండంగ ఒక సంగతి జరిగింది. మాతోని సుజాత అని ఒక పిల్ల ఉండేది. నెల్లికుదురు దిక్కు పెద్ద భూములున్న ఇంటి పిల్ల. మంచిది, నవ్వు మొకం. ఒక దినం తుపాకి ఖాళీగున్నదని ఎరిగి, ఆటకు నా దిక్కు పెట్టి, చేతులు ఎత్తు అన్నది. నేనూ నవ్వుకుంట చేతులు ఎత్తిన. టీచరమ్మ చూసింది. దగ్గరికొచ్చి తుపాకి తీసుకుని సంచిల పెట్టింది. మొకం తెల్లగైంది. ఆమె తిడితే బాగుండనుకున్నం మేము.

తెల్లారి పొద్దటి రైలుకు జనగామ నుంచి ఒకాయన దిగిండు. సన్నగ ఉన్నడు, నడుస్తుంటే ఒక కాలు ఈడుస్తున్నడు. ఆమె తమ్ముడట, టెలిగ్రాం ఇచ్చి పిలిపిచ్చిందట. జనగామల బట్టల దుకాణంల కూసుని పని చేస్తడట. టీచరమ్మ మా అందరినీ నేల మీద కూసోబెట్టి, తమ్మునికి కుర్చీ ఏసింది. ఆయన ప్యాంటు మోకాలు దాక మడిచిండు. మోకాలి కింద పిక్క ఉండవలసిన జాగల గుంట పడి ఉన్నది, తోలు ముడుతలు పడి మెరుస్తున్నది. అరవై తొమ్మిది లొల్లిల ఊరేగింపు ఎనుక నడుస్తుంటే గుండు తగిలిందని ఆయన చెప్పిండు. అంతకుముందు మంచిగ వాలీబాల్ ఆడేటోన్నని గూడ చెప్పిండు. పగ లేదు ఆయన గొంతుల, రైలు ఆలస్యమైందని చెప్పినట్టే చెప్పిండు.

సుజాత ఏడ్సుకుంట, ఎవరు కాల్చిండ్రు టీచర్ అని అడిగింది.

"ఎవరు కాల్చిండ్రో నాకు తెల్వది. ఎవరికి తగిలిందో తెలుసు" అన్నది ఆమె.

అప్పుడు నేను అడిగిన. బడిల నేను నోరు తెరిచి అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో. మరి మాకు ఎందుకు నేర్పుతున్నవు టీచర్ అని.

ఆమె తమ్ముని దిక్కు చూసింది.

"తుపాకి ఎప్పుడు ఇంకొకళ్ల చేతులనే ఉంటే, మనకు భయం ఒక్కటే మిగుల్తది. గదేందో మనం గూడ ఎరుకైనోళ్లం గావాలె. ఎరుకై, కాయితాన్నే కొట్టాలె."

ఆ దినం సుజాత ఆయన కాళ్లకు మొక్కబోతే ఆయన వద్దన్నడు. హాస్టలుల అన్నం తిని, మధ్యాహ్నం రైలుకు ఎల్లిపోయిండు. వారం దాక మాకు తుపాకి కనబడలే. మల్ల తీసిన దినం మొదలు సుజాత చేతికే ఇచ్చింది.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు ఎమర్జెన్సీ దినాలు. ఆ చలికాలంల హైదరాబాదుల రాష్ట్రం పోటీలున్నయని, నన్ను, సుజాతను, ఇంకో పిల్లను తీసుకపోతనని టీచరమ్మ అన్నది. మిగిలిన ఇద్దరి ఇండ్లల్ల ఒప్పుకున్నరు. మా ఇంట్ల అడగడానికి ఆమే మా తండాకొచ్చింది. బస్సు దిగి పొలాల ఎంబడి నడిచి, ఆ గుడ్డబూట్లకు బురదతోని మా వాకిట్ల నిలబడ్డది.

ఆమె అడిగితే మా బాపు యాడి దిక్కు చూసిండు. యాడి అంటే మా భాషల అమ్మ. యాడి జొన్నరొట్టె పెట్టింది, మజ్జిగ పోసింది. టీచరమ్మ తినేదాక ఆగి, అప్పుడు యాడి చెప్పింది. తాను చిన్నగున్నప్పుడు తుపాకులోళ్లు తండాల జొరబడ్డరట. తనను, చెల్లెను వాళ్ల తాత జొన్నచేనుల పండబెట్టి మీద గడ్డి కప్పిండట. పొద్దు గుంకినంక లేచి వస్తే తాత లేడట. అంతవరకు నాకు గూడ ఆ సంగతి తెల్వది.

"పంతులమ్మా, సదువు చెప్పు, వద్దనం. తుపాకి ముచ్చట మా ఇంట్ల ఎత్తకు. ఎత్తితే పిల్లను ఇంటికి తెచ్చుకుంట" అన్నది యాడి.

టీచరమ్మ వాదించలే. రొట్టె బాగున్నది అక్కా అన్నది. నన్ను మాత్రం బస్సు దాక రమ్మన్నది. దారిల నాతో గూడ ఆ సంగతి ఎత్తలే, చేన్లల్ల కంది ఏపుగ ఉన్నదని ముచ్చట పెట్టింది. బస్సెక్కేటప్పుడు మాత్రం, మీ అమ్మ చెప్పింది నిజం, ఆమె మీద కోపానికి పోకు అన్నది.

మా ఇంటి ముచ్చట తెగకముందే ఇంకోటొచ్చింది. దినాలు బాగలేవు, తుపాకి ఏ రకందైనా బడిల ఉండొద్దు, ఠాణాల అప్పజెప్పాలె అని పోలీసుల కబురు. ఇది పిల్లలాడుకునేదని, దీనికి లైసెన్సే అక్కర లేదని ఆమె పోయి చెప్పి వచ్చింది. వాళ్లూ మర్యాదగనే మాట్లాడిండ్రట, మంచి దినాలొచ్చినంక వాపసు ఇస్తమన్నరట. మేము ఇగ అంతా అయిపోయిందని ఏడ్సినం. ఆమె లవంగం నములుకుంట, హైదరాబాదుల తుపాకులు వాళ్లే ఇస్తరు, కన్ను, ఊపిరి మాత్రం మనం పట్టుకపోవాలె అన్నది. గుండ్ల డబ్బా తీసి ఊపి చూసింది. సగానికి ఎక్కువే ఉన్నయి.

అప్పజెప్పే దినం అంగడి దినం. ఠాణాకు అంగడి మీదికెల్లే పోవాలె. అంగడి పక్కన మూతబడ్డ బియ్యం మిల్లుంటే, దాని మట్టిగోడకు మాతోని కాయితాలు అంటింపించింది. ముందర తాడు కట్టి, తాడు లోపటికి ఎవరినీ రానియ్యొద్దని మమ్మల్ని కాపల పెట్టింది. అప్పుడు కూరగాయలమ్మేటోళ్ల దిక్కు తిరిగి చప్పట్లు కొట్టింది. ఒక్కొక్కలు వచ్చి పట్టి సూడుండ్రి, కొనుమంటలేను అన్నది.

మొదలు మిరపకాయలమ్మే ఆమె వచ్చింది. ఎనుక గాజులామె. ఒకామె బుట్ట దించకుంటనే వస్తే, టీచరమ్మే దించింది. ఒక్కొక్కరి ఎడమ మోచెయ్యి పట్టి నడుము మీద ఆనిచ్చి, చెవుల ఊపిరి ముచ్చట చెప్పి, పక్కకు జరిగేది. కొట్టినామెకు ఆమె కాయితం ఆమెకే చించి ఇచ్చేది. మొగోళ్లు గుంపై చూస్తున్నరు. మా ఆమెకు గిది నేర్పితే ఇంట్ల నా గతేందని ఒకాయన నవ్విచ్చబోయిండు. నువ్వు కాయితానివి గాదు గదా, నీకెందుకు భయమని ఆమె అంటే, ఆయన ఎంబడున్నోళ్లే ఆయన్ను చూసి నవ్విండ్రు.

అప్పుడు చూసిన, కందికాయ గంప పక్కన పెట్టి మా యాడి నిలబడి ఉన్నది. ఆమె అంగడికి వస్తదని నాకు తెలుసు, టీచరమ్మకు తెలుసో లేదో నేనెన్నడు అడుగలే. ఆమె యాడిని పిలువలే. అందరినీ పిలిచింది గని ఆ దిక్కు చూడనే లేదు. గుండ్లు అయిపోవస్తున్నయి. యాడి తనంతట తానే తాడు దాటి వచ్చింది.

మా లంబాడీ ఆడోళ్లకు మణికట్టు నుంచి భుజం దాక గాజులుంటయి. తుపాకి ఎత్తంగనే గలగలమని అన్నీ కిందికి జారినయి. గుంపుల కొందరు నవ్విండ్రు. యాడి చెయ్యి దించబోయింది.

"దించకు అక్కా. ఆ బరువుకే నీ చెయ్యి కదలకుంట ఉంటది" అన్నది టీచరమ్మ.

మొదటి గుండు మట్టిల పోయింది. రెండోది కాయితం అంచును చింపింది. మూడోది కొట్టేముందు యాడి చానసేపు ఆగింది. భుజాలు దిగినయి. ఎవరూ చెప్పకముందే రెండు కండ్లూ తెరిచే ఉన్నయి. టప్పుమన్నది. నల్లచుక్కకు తగలలే, దాని పక్కన తగిలింది. యాడి తుపాకి ఎంటనే ఇయ్యలే. దాన్ని రెండు చేతుల అడ్డంగ పట్టుకుని చూసింది. తర్వాత నా దిక్కు తిరిగి మా భాషల అన్నది.

"ఇది మనను తన దిక్కు గుంజుతదనుకున్న. గుంజలే. నేను చెప్పేదాక ఆగింది."

ఏమన్నదని టీచరమ్మ అడిగితే నేను తెలుగుల చెప్పిన. ఆమె కొంగుతో మొకం తుడుచుకున్నది. డబ్బా ఖాళీ అయినంక, తుపాకి సంచిల పెట్టి, ఠాణా మెట్లెక్కి ఇచ్చేసి వచ్చింది. ఆ తుపాకి మల్ల రాలే. మంచి దినాలొచ్చినంక పోయి అడిగితే ఎక్కడున్నదో తెల్వదన్నరట.

యాడి గంప నెత్తికెత్తుకుంట, పిల్లను జాగ్రత్తగ తీసుకపో పంతులమ్మా అని మాత్రం అన్నది.

హైదరాబాదుల మేమేం గెలువలే. పెద్ద హాలు, తోలు కోట్లు ఏసుకున్న పిల్లలు, వాళ్ల సొంత తుపాకులు. మేము నోరు తెరిస్తే ఎనుకకు తిరిగి చూసి నవ్వేటోళ్లు. మాకిచ్చిన తుపాకి ఇనుప దూలం లెక్కున్నది. ఫలితాల కాయితంల నా పేరు కింది నుంచి చూస్తే తొందరగ దొరికింది. రైలుల నేను మొకం కిటికీకి పెట్టి కూసున్న. టీచరమ్మ నా కాయితం తీసి ఒళ్ల పరిచింది.

"ఇటు సూడు. నీ గుండ్లన్నీ ఒక్కకాడనే పడ్డయి. నడుమ పడలే, అంతే. ఒక్కకాడ పడేటట్టు కొట్టుడు నీ పని. దాన్ని నడుమకు జరుపుడు తుపాకి మీద గురి సరిచేసే మర పని, అది చిన్న పని" అన్నది.

నా గురి గురించి ఆమె నాకు చెప్పిన మంచి మాట అదొక్కటే. దాని మీద నేను చాన దూరం నడిచిన. నర్సు చదువుకు పోయిన. మొదటిసారి పసిబిడ్డకు సూది ఇయ్యమన్నప్పుడు ఊపిరి సగం ఇడిసి ఆగిన. చెయ్యి నిలబడ్డది.

ఎనబైలల్ల నాకు కాటారం దవాఖానల నౌకరి వచ్చింది. ఆమె అప్పటికి ఆ దిక్కే అడవి అంచున ఒక ఆడపిల్లల ఆశ్రమ బడికి బదిలీ అయి ఉన్నది. తాను చిన్నప్పుడు తిరిగిన అడవే గని, కాలం అది గాదు. రెండు దిక్కుల తుపాకులు తిరిగే జాగ. చీకటి పడకముందే తలుపులు ఏసుకునేటోళ్లు. ఆ అడవిల పిల్లలకు తుపాకి పేరు ఎత్తనని, కాయితమైనా సరే గీయనని ఆమె ముందే అనుకున్నదట.

ఒక ఆదివారం నేను బస్సెక్కి చూడబోయిన. జుట్టు సగం నెరిసింది. కండ్లకు మందమైన అద్దాలు. కాళ్లకు మాత్రం గుడ్డబూట్లే. బడి ఎనుక మైదానంల కోయ పిల్లలు వెదురు విల్లంబులు పట్టుకుని, గడ్డిమోపుకు బాణాలు కొడుతున్నరు. వాళ్ల ఇండ్లల్లకెల్లే తెచ్చుకున్నయి. ఈమె నేర్పుతున్నదేమో అనుకున్న. కాదు. సమ్మక్క అని తొమ్మిదో తరగతి పిల్ల నేర్పుతున్నది, ఈమె నేర్చుకుంటున్నది. బొటనవేలు అట్ల గాదు టీచర్, ఇట్ల అని ఆ పిల్ల చెయ్యి పట్టి సర్దుతున్నది. ఈమె తలకాయ ఊపి, చెప్పినట్టు పెడుతున్నది.

నారి గుంజింది. బాణం ఇడిస్తే గడ్డిమోపు దాక పోలే, సగం దారిల మట్టిల పడ్డది. పిల్లలందరు కిలకిలమన్నరు. నాకూ నవ్వు ఆగలే. ఆమె పోయి బాణం ఏరుకుని, కొంగుతో మట్టి తుడుచుకుంట నా దిక్కు వచ్చింది.

"నవ్వకే పిల్లా. నాకు గిది మొదటి దినం" అన్నది. సమ్మక్క పక్కన పోయి నిలబడి, బొటనవేలు మల్ల చూపియ్యమన్నది.